టీవీకి పసుపు తాడు

సంక్రాంతికి పామర్రు దగ్గర మా బాబాయి వాళ్ళింటికి వెళ్తే వసారాలో కొత్త టీవీ కనిపించింది. నలభై మూడు అంగుళాల ఫుల్ హెచ్‌డీ. డాలస్‌లో ఉన్న కొడుకు డబ్బు పంపితే బెజవాడ వెళ్ళి తెచ్చుకున్నాడు. తెచ్చి వారం కూడా కాలేదు, అప్పుడే దాని మీద కోపం.

"ఏంట్రా ఇది? మాయాబజార్ మన పాత డబ్బాలోనే నయం. ఇందులో సావిత్రి చీర అంచు మీద రంగురంగుల చీమలు పాకుతున్నాయి. ఎస్వీ రంగారావయితే బూరెలా ఉబ్బిపోయాడు."

"ఉండు బాబాయ్, ఒకసారి వెనకాల చూడనీ."

వెనకాల చూస్తే డీవీడీ ప్లేయరు నుంచి టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు మూతుల తీగలు. పాత టీవీ నుంచి ఊడబీకి దీనికి తగిలించాడు. ప్లేయరుకు హెచ్‌డీఎంఐ సాకెట్టు ఉంది, దాని ప్లాస్టిక్ మూత కూడా ఇంకా ఊడలేదు. "దీనిక్కూడా పసుపు తాడే కట్టారు మీ బాబాయి," అంది పిన్ని.

ముందు డిస్కులో బొమ్మ ఎంతుందో చూద్దాం. మన దేశపు పాల్ పద్ధతి డీవీడీలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, అంటే 4,14,720. ఫుల్ హెచ్‌డీ తెరకు కావలసినవి 1920 ఇంటూ 1080, అంటే 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. తెర మీద ప్రతి అయిదు చుక్కల్లో ఒక చుక్కకు సరిపడా సమాచారమే డిస్కులోంచి వస్తుంది, మిగతా నాలుగూ పక్కవాటిని చూసి ఊహించి వేసినవే. 4కే టీవీ అయితే ఇరవైలో పంతొమ్మిది ఊహలు. ఈ పనికే అప్‌స్కేలింగ్ అని పేరు. మజ్జిగలో నీళ్ళు పోస్తే చెంబు నిండుతుంది గాని వెన్న పెరగదు. డీవీడీ హెచ్‌డీ అయిపోతుందని ఎవరు చెప్పినా నమ్మనక్కర్లేదు.

కాని బాబాయి గొడవ అది కాదు. ఆయనకు కనిపిస్తున్నది డిస్కులో ఉన్నంత కూడా కాదు. దారిలోనే సగం పోతోంది.

పోతున్న మొదటి చోటు ఆ పసుపు తీగే. డిస్కులో బొమ్మ వెలుగునీడలు ఒక లెక్కగా, రంగు ఇంకో లెక్కగా విడివిడిగా ఉంటాయి. పసుపు తీగలో రెండూ ఒకే సంకేతంలో కలిసిపోతాయి. పాల్ పద్ధతిలో రంగు 4.43 మెగాహెర్ట్జ్ తరంగం మీద ఎక్కి వెళుతుంది. వెలుగునీడల్లో మరీ సన్నటి వివరాలు, చీర జరీ గళ్ళు, కిరీటం మీద రాళ్ళు లాంటివి, దాదాపు ఆ తరంగపు వేగంతోనే ఊగుతాయి. ఏది జరీయో ఏది రంగో టీవీ పోల్చుకోలేక జరీకి రంగు పూస్తుంది. నలుపు తెలుపు సినిమాలో ఇంద్రధనుస్సు రంగుల చీమలు పాకింది అందుకే. హెచ్‌డీఎంఐలో వెలుగూ రంగూ అంకెలుగానే, కలవకుండా వెళతాయి. బెజవాడ గవర్నర్‌పేటలో కొని తీసుకెళ్ళిన హెచ్‌డీఎంఐ తీగ ఖరీదు రెండొందల రూపాయలు. బంగారు పూత పూసిన వేల రూపాయల తీగలూ అమ్ముతారు. ఈ పనికి అవి దండగ.

పాత టీవీలో ఈ చీమలు లేవా? ఉన్నాయి, కంటికి ఆనలేదంతే. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు గీతల్ని విడదీసి చూడగలదు. 21 అంగుళాల పాత తెర ఎత్తు 32 సెంటీమీటర్లు, అందులో 576 గీతలు పరిస్తే ఒక్కో గీత 0.56 మిల్లీమీటర్లు. ఆరడుగుల పైచిలుకు దూరం నుంచి చూస్తే గీతలు కలిసిపోయి బొమ్మ నున్నగా ఉంటుంది. 43 అంగుళాల తెర ఎత్తు 53 సెంటీమీటర్లు దాటుతుంది. గీత 0.93 మిల్లీమీటర్లవుతుంది. అది కలిసిపోవాలంటే పదిన్నర అడుగులు వెనక్కి జరగాలి. బాబాయి పడక్కుర్చీ పాత చోటే, ఆరడుగుల్లోనే ఉంది. దాన్ని గుమ్మం దాకా జరిపితే బొమ్మ సగం బాగుపడింది. పైసా ఖర్చు లేని అప్‌స్కేలింగ్ ఇది. కాకపోతే పిన్ని వంటింట్లోకి వెళ్ళే దారికి అడ్డం.

తరవాత ఎస్వీ రంగారావు లావు. 1957 నాటి మాయాబజార్ తెర వెడల్పు, ఎత్తు ఇంచుమించు నాలుగుకు మూడు. కొత్త టీవీ పదహారుకు తొమ్మిది. పక్కన నల్లపట్టీలు ఉంటే డబ్బులు వృథా అయినట్టుందని బాబాయి రిమోట్ నొక్కి తెర నిండా సాగదీశాడు. దాంతో ప్రతి మనిషీ మూడో వంతు అదనంగా వెడల్పయ్యాడు. నూజివీడులో పుట్టిన రంగారావుగారు ఘటోత్కచుడి వేషంలో అసలే నిండుగా ఉంటారు, ఆయనకు ఈ సాయం అక్కర్లేదు. నల్లపట్టీలను ఉండనివ్వాలి. ప్లేయరు మెనూలో టీవీ ఆకారం 16:9 అని పెట్టడం మాత్రం మరవకూడదు. అది పాత 4:3 మీదే ఉండిపోతే, వెడల్పు తెర కోసం చేసిన డిస్కుల్ని ప్లేయరే కుదించి 576 గీతల్లో 144 పారేస్తుంది. టీవీ దాన్ని మళ్ళీ పెద్దది చేస్తుంది. ఈ రెండు పనులూ ఒకదానికొకటి తెలియకుండా జరిగిపోతాయి.

ఇక గీతల వరస. డీవీడీలో బొమ్మ సాధారణంగా రెండు విడతలుగా వస్తుంది: ముందు బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తరవాత సరి గీతలు. నాట్లేసే ముఠా ఒకసారి సాలు విడిచి సాలు నాటి, రెండోసారి మధ్య సాళ్ళు పూర్తిచేసినట్టు. డబ్బా టీవీ అలాగే గీసేది కనక చిక్కు లేదు. కొత్త తెర మొత్తం ఒకేసారి వెలగాలి, అందుకని రెండు విడతల్నీ జతచెయ్యాలి. ఆ మధ్యలో మనిషి కదిలితే అంచులు దువ్వెన పళ్ళలా చీలతాయి. సినిమా ఫిల్మ్ నుంచి వచ్చిన డిస్కుకు ఒక అదృష్టం ఉంది: రెండు విడతలూ ఒకే ఫ్రేములోవి. సరైన జతను పట్టుకుంటే దువ్వెన ఉండదు. ప్లేయరులో 'ప్రోగ్రెసివ్' అని పెట్టేది ఈ పని కోసమే.

ఇక్కడ పాటలు ప్రాణంగా వినేవాళ్ళకు పనికొచ్చే ముక్క ఒకటి. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు, పాల్ 25. తేడాను సర్దడానికి పాల్ డిస్కు చేసేవాళ్ళు మామూలుగా సినిమానే కాస్త వేగంగా తిప్పేస్తారు. మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది. ధ్వనిని విడిగా సరిచెయ్యకపోతే ఘంటసాల శ్రుతి హార్మోనియం మీద పై మెట్టు వైపు మూడింట రెండు వంతులకు పైగా జరుగుతుంది. ఆ గొంతును రేడియోలో విని పెరిగిన చెవికి ఏదో తేడాగా ఉందని తోస్తుంది, ఏమిటో చెప్పలేదు. అమెరికా నుంచి వచ్చే ఎన్‌టీఎస్‌సీ డిస్కుల్లో శ్రుతి మారదు గాని గీతలు 480కి తగ్గుతాయి. పైగా 24ను 60కి పొసగించడానికి ఒక ఫ్రేమును రెండు విడతలు, తరవాతి దాన్ని మూడు విడతలు, మళ్ళీ రెండు, మళ్ళీ మూడు చూపిస్తారు. అచ్చంగా ఖండ చాపు. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే చోట ఆ తాళం కంటికి తగులుతుంది.

ఇక టీవీ సెట్టింగులు. దుకాణంలో పక్క టీవీలను ఓడించడానికి పెట్టిన 'వివిడ్' మోడ్ ఇంట్లో అలాగే ఉండిపోయింది. సినిమా మోడ్‌కు మార్చాను. షార్ప్‌నెస్ బాగా దించాను. అది లేని వివరాన్ని తేదు, అంచుల చుట్టూ తెల్లగీత గీస్తుంది, డిస్కులోకి కుక్కేటప్పుడు ఏర్పడ్డ గరుకును చాటింపు వేస్తుంది. సినిమాను సీరియల్‌లా జారిపోయేట్టు చేసే మోషన్ స్మూతింగ్‌ను కూడా ఆపేశాను.

ఇదంతా అయ్యాక మాయాబజార్ మళ్ళీ పెట్టాం. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల పడవ పాట వచ్చేసరికి బాబాయి నోరు మెదపలేదు. అంత బాగుండటం నన్నూ ఆశ్చర్యపరిచింది, కాని లెక్క చూస్తే ఆశ్చర్యం అక్కర్లేదు. డీవీడీలో రంగును నిలువుగా సగం, అడ్డంగా సగం తగ్గించి దాస్తారు, అంటే నాలుగో వంతే. నలుపు తెలుపు సినిమాకు ఆ నష్టమే లేదు. తెర ఆకారం పాతది కనక 576 గీతలూ బొమ్మకే దక్కుతాయి. అదే 1974లో అల్లూరి సీతారామరాజుతో తెలుగులో మొదలైన సినిమాస్కోప్‌ను పైనా కిందా నల్లపట్టీలతో పాత ఆకారపు డిస్కులో పెడితే, బొమ్మకు మిగిలేవి 327 గీతలు. ఎన్‌టీఎస్‌సీ అయితే 272. వీసీడీలో ఉండేవి 288! ప్రింటు గీతలు పడకుండా ఉండాలే గాని, బాబాయి బీరువాలో సినిమా ఎంత పాతదైతే కొత్త టీవీలో అంత బాగుంటుంది. 2010లో విడుదలైన రంగుల మాయాబజార్ కూడా బీరువాలో ఉంది. నేను పాతదానికే ఓటేస్తాను.

"ఇది కూడా బాగుచెయ్యి," అంటూ ఒకే డిస్కులో మూడు సినిమాలున్నది తీశాడు. దాని లెక్క వేరు. రెండు పొరల డిస్కులో పట్టేది 8.5 గిగాబైట్లు. మూడు గంటల సినిమా ఒక్కటే పెడితే సెకనుకు ఆరు మెగాబిట్ల పైన దక్కుతాయి, మూడు పెడితే రెండు. వీసీడీకి దక్కేది 1.15. చాలనప్పుడు బొమ్మ ఎనిమిది ఇంటూ ఎనిమిది చుక్కల గళ్ళుగా విడిపోతుంది, పొగ, వాన, గోదావరి నీళ్ళు వచ్చే సీన్లలో మరీ. దీనికి తీగ మార్చినా కుర్చీ జరిపినా ఒరిగేదేం లేదని చెప్పేశాను.

కొన్ని డిస్కులు ఆగి ఆగి ఆడుతున్నాయి. పిన్ని వాటిని పళ్ళెం తుడిచినట్టు గుండ్రంగా తుడుస్తోంది. డిస్కు మీద సమాచారం రాసిన దారి కూడా గుండ్రంగానే ఉంటుంది కనక అలా పడ్డ గీత ఒకే దారి వెంట చాలా సమాచారాన్ని చెరిపేస్తుంది. మధ్య నుంచి అంచుకు తుడిస్తే గీత దారికి అడ్డంగా పడుతుంది, చిన్న చిన్న ఖాళీల్ని ప్లేయరు లెక్క కట్టి పూడ్చుకోగలదు. మెత్తటి పాత నూలు గుడ్డ చాలు.

పసుపు తాడును మాత్రం పిన్ని పారెయ్యనివ్వలేదు. శివరాత్రికి మళ్ళీ వెళ్ళినప్పుడు చూశాను, పెరట్లో పొట్ల పందిరికి కట్టి ఉంది.