పటమునందలి చుక్క, భూమిమీది చోటు : భూస్థాన సహిత చిత్రములను గూర్చి

పాత పటమును స్కానరుపై నుంచి కంప్యూటరున భద్రపరచినంత మాత్రమున నది పటముగా నిలువదు, వట్టి చిత్రమగును. చిత్రమనగా చుక్కల వరుసలు. ఏ చుక్క ఏ రంగుదో అది చెప్పును గాని, ఆ చుక్క భూమిపై నేచోటిదో చెప్పజాలదు. ఆ చోటును గూడ తనలో నిముడ్చుకొన్న దానిని మేమిచట భూస్థాన సహిత చిత్రమని వ్యవహరించుచున్నాము. గ్రామనామములను, శాసనస్థలములను, మాండలికముల ఎల్లలను పరిశోధించువారికి దీని స్వభావము తెలిసియుండుట అవసరము.

ఉదాహరణముగా తల్లాడను గైకొందము. ఖమ్మమునుండి వైరా మీదుగా సత్తుపల్లికి పోవు మార్గమున నున్న యీ యూరినుండియే కొత్తగూడెపు అడవిసీమకు దారి చీలును. భారత సర్వే శాఖవారి విభజనలో నిది 65 సి ఫలకములోనిది. ఈ సీమలో పాలనావిభాగములు పలుమారులు మారినవి. 1953లో వరంగల్లునుండి ఖమ్మము జిల్లా వేరుపడినది. 1959లో భద్రాచల ప్రాంతము తూర్పుగోదావరినుండి వచ్చి చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. పాత గ్రంథములందలి తాలూకా పేరును బట్టి యూరిని వెదకువాడు తికమకపడును. అక్షాంశ రేఖాంశములైనను స్థిరములు గదా యందుమా, అవియు మారినవి.

ఊరు కదలలేదు, లెక్క కదలినది. పాత ఫలకములు 1830 నాటి ఎవరెస్టు గోళప్రమాణమును, మధ్యప్రదేశమునందలి కల్యాణపురము మూలబిందువును ఆధారముగా గొన్నవి. నేటి ఉపగ్రహ స్థాననిర్ణయ సాధనములు డబ్ల్యూజీఎస్ 84 అను ప్రమాణము ననుసరించును. 2005 నాటి జాతీయ పటవిధానము ననుసరించి ప్రజలకొరకు వెలువరించిన ఫలకములును ఈ రెండవదానినే గ్రహించినవి. ఒకే రావిచెట్టునకు రెండు లెక్కలలో రెండు జతల అంకెలు వచ్చును. ఏ ప్రమాణముదో తెలియక వానిని కలిపి గీచినచో మన ప్రాంతమున భేదము నూరు మీటర్లకు మించును. 1:50,000 పటముపై నూరు మీటర్లనగా రెండు మిల్లీమీటర్లు; కన్ను దానిని గుర్తింపదు. కాని చతురస్రాకారమున నున్న ఎకరపు చేనికి భుజము సుమారు 64 మీటర్లే. కావున ఆ పొరపాటున చేనికి చేను అడవి హద్దులోనికి జరిగిపోవును.

అడవి అంచున నిది మాటవరుసకు చెప్పునది కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటి సాగుబడిని హద్దుగా నిర్ణయించినది. ఉపగ్రహచిత్రము ఇతర సాక్ష్యములకు తోడు కావచ్చునే గాని వానికి బదులు కారాదని 2012 నాటి సవరణ నియమములు చెప్పినవి. అది వివేకముతో గూడిన నియమమని మా అభిప్రాయము.

ఇక ఫైలు సంగతి. 1986లో ఆల్డస్ సంస్థ వెలువరించిన టిఫ్ అను చిత్రరూపమునందు, చిత్రముతోపాటు అంకెలు వేసిన వివరపు గడులు నింపుకొను వీలు కలదు. 1990ల దశకమున నైల్స్ రిట్టర్ ప్రభృతులు ఆ గడులలో భూస్థానమును నింపు పద్ధతిని కూర్చిరి. అదియే జియోటిఫ్. 33550వ గడి యొక్కొక చుక్క భూమిపై నెంత మేరయో తెలుపును. 33922వది చిత్రమునందలి యొక చుక్కను భూమిపై నొక చోటికి ముడివేయును. 34735వది ఆ లెక్క యే ప్రమాణముదో తెలుపును. అంగుళమునకు 300 చుక్కల చొప్పున గ్రహించిన 1:50,000 పటమున ఒక చుక్క సుమారు 4.2 మీటర్లు. తల్లాడ యూటీఎం 44వ ఉత్తరమండలమున నున్నది గావున, డబ్ల్యూజీఎస్ ప్రమాణమున దాని సంకేతము 32644. చిత్రము ప్రక్కన వేరుగా నుంచు ఆరు పంక్తుల చిన్న ఫైలు కూడ వాడుకలో నున్నది. అందు అంకెలే గాని ప్రమాణము పేరుండదు. పైగా అది సులభముగా తప్పిపోవును.

సాఫ్ట్‌వేరు ఈ రూపమును 'తెరచును' అన్న మాట చాలదు. సామాన్య చిత్రసంస్కరణ సాధనము జియోటిఫ్‌ను చక్కగా చూపును. అంచు కత్తిరించి మరల భద్రపరచునప్పుడు తరచు ఆ గడులను పారవేయును. బొమ్మ యథాతథముగా నుండుటచే నష్టము కంటికి కనబడదు. 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ ఆరంభించిన జీడాల్ గ్రంథాలయము గడులను చదువును, ప్రమాణమును మార్చును, తిరిగి వ్రాయును. 2002లో గ్యారీ షెర్మన్ మొదలిడిన క్యూజీఐఎస్ దాని నాధారముగా గొన్నదే. ఇవి రెండును ఉచితములు. మిస్టర్ సిడ్, ఈసీడబ్ల్యూ వంటి రూపములు పరిమాణమున చిన్నవే. కాని వానిని చదువుటకు స్వామ్యసంస్థల సాధనము కావలెను. గ్రంథాలయమున చిరకాలము నిలువవలసిన దానిని అట్టి రూపమున నుంచుట మాకు సమ్మతము గాదు.

పటములపై నూరిపేరు రోమను లిపిలో నుండుటచే త-ట, ద-డ భేదములు మాయమగును. ఆ కొరత నే ఫైలు రూపమును తీర్పదు. పేరును ఊరివారి నోట విని తెలుగులో వేరుగా వ్రాసికొనవలసినదే. పటమును స్కాను చేయునప్పుడు అంచులను గత్తిరింపక ఆ ప్రతినిగూడ దాచవలెను. ముద్రణ సంవత్సరము సాధారణముగా ఆ అంచుననే యుండును.