గిల్లితే మెలకువ వస్తుందా?

శుక్రవారం సాయంత్రమైందంటే రియాద్ నగరంలోని బతాలో కాలు మోపడానికి సందు దొరకదు. కేరళ మార్కెట్ వైపు మలయాళీలు, ఇంకో పక్క బంగ్లాదేశీయులు, యెమెనీలు, మధ్యలో మన నిజామాబాద్, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల వాళ్లు. చేతిలో స్మార్ట్‌ఫోన్ లేని రోజుల్లో బతా మనకు బజారు మాత్రమే కాదు, ఊరి రచ్చబండ కూడా. ఎవరు సెలవు మీద పోతున్నారు, ఎవరి ఇఖామా రెన్యూవల్ కాలేదు, ఊళ్లో సర్పంచిగా ఎవరు గెలిచారు, అన్నీ అక్కడే తెలిసేవి. 2013లో వారాంతపు సెలవును శుక్ర, శనివారాలకు మార్చకముందు గురువారం నుంచే ఈ సందడి మొదలయ్యేదని సీనియర్లు చెబుతుంటారు.

వాదనలు అప్పుడూ ఉండేవి. హీరోల మీద, పార్టీల మీద, ప్రాంతాల మీద గొంతు చించుకుని అరుచుకునేవారు. కానీ అన్నవాడి ముఖం ఎదురుగా కనిపించేది. పైగా వచ్చే నెల వాడే ఊరికి పోతుంటే మన ఇంటికి పంపే పొట్లం వాడి పెట్టెలోనే పోవాలి. అందుకని ఎంత కోపమొచ్చినా మాటకు ఒక హద్దు ఉండేది.

2024 డిసెంబరులో రియాద్ మెట్రో నడవడం మొదలైంది, నీలం లైనుకు బతా పేరే పెట్టారు. బతాకు రాకపోకలు సులువయ్యాయి గానీ వాదన మాత్రం ఎప్పుడో బతాను వదిలి ఫోనులోకి వెళ్లిపోయింది. క్యాంపులో ఒక్కో మనిషి ఎన్ని గ్రూపులలో ఉన్నాడో వాడికే తెలియదు. జిల్లా గ్రూపు, మండలం గ్రూపు, కులం గ్రూపు, అభిమాన హీరో గ్రూపు. రాత్రి తొమ్మిదింటికి పప్పు పొయ్యి మీద పెట్టి ఎవరో ఒకరు ఒక మాట విసురుతారు. ఫలానా కులం వాళ్లకు బుద్ధి లేదనో, ఫలానా దేవుడు ఎందుకు కాపాడలేదనో, ఫలానా జిల్లా వాళ్లు బానిసలనో! ఇక తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కే వరకు అదే గోల. 2024 ఎన్నికలప్పుడైతే ఒకే గదిలో కింది మంచం, పై మంచం వాళ్లు రెండు వారాలు మాట్లాడుకోలేదు. ఒక్క ఓటు కూడా ఇక్కడి నుంచి వేయలేదన్నది వేరే సంగతి.

అలా విసిరే వారిలో ఒక తమ్ముడిని అడిగాను. బాగా చదువుకున్నవాడే, పుస్తకాలు కూడా చదువుతాడు. ఎందుకురా ఇలా గెలుకుతావు అంటే వాడి జవాబు ఇది: "అన్నా, మంచిగ చెప్తే ఎవ్వడింటడు? గిల్లితెనే గదా మెలకువొచ్చేది! నేను జనాన్ని ఆలోచింపజేస్తున్న."

ఈ మాటను తీసిపారేయలేం. ఎందుకంటే మంచిగా చెబితే వినరన్నది నిజం. ఎండాకాలంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధనను నేను ప్రతి ఏటా గ్రూపులో పెడతాను. రెండు బొటనవేళ్లు, ఒక దండం వస్తాయి. అదే రోజు ఎవడో హీరోను తిట్టిన పోస్టుకు మూడు వందల జవాబులు! గిల్లడానికి బలం ఉంది, సందేహం లేదు. ఆ బలంతో మెలకువ వస్తుందా, ఏడుపు మాత్రమే వస్తుందా అన్నదే ప్రశ్న. బిడ్డను గిల్లి ఉయ్యాల ఊపే వాళ్లు కూడా ఉంటారు కదా.

మా పనిలో టైల్స్ పరిచాక వాటిని తట్టి చూస్తాం. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా మోగితే కింద సిమెంటు మాలు నిండలేదని అర్థం, ఆ పలక తీసి మళ్లీ వేయిస్తాం. తట్టకపోతే డొల్ల ఎక్కడుందో తెలియదు. అయితే తట్టిన మనిషి అక్కడే ఉండి తీయించాలి, మళ్లీ వేయించాలి. సుత్తితో నాలుగు పలకలు పగలగొట్టి లోపల డొల్ల ఉందిరోయ్ అని అరిచి లిఫ్టు ఎక్కి వెళ్లిపోయేవాడిని ఏ సైటులోనూ సూపర్‌వైజర్ అనరు.

మన తెలుగు నేలలో గిల్లడం కొత్త విద్యేమీ కాదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టి చేసింది చాలావరకు అదే. లంచాలు మరిగిన అధికారులను, వకీళ్లను, ముసలి వరులకు పిల్లలను అమ్ముకునే తండ్రులను ప్రహసనాలు రాసి ఎండగట్టారు. ఆయనకు ఎదురుగా మద్రాసులో కొక్కొండ వెంకటరత్నం పంతులు 'ఆంధ్రభాషా సంజీవని' నడిపేవారు. ఈ ఇద్దరి తగాదా ఎంత దూరం పోయిందంటే, వివేకవర్ధనిని వెక్కిరించడానికి అటువైపు 'హాస్యవర్ధని' వచ్చింది. దానికి జవాబుగా ఇటువైపు 'హాస్య సంజీవని' వచ్చింది. ఒకరి పత్రిక పేరు ఇంకొకరు తిప్పికొట్టుకున్నారన్నమాట! ఇప్పటి మీమ్స్ చేసే కుర్రాళ్లు చూస్తే మనకంటే ముందే ఉన్నారే అనుకుంటారు. తేడా ఏమిటంటే ఆ పత్రికల వెనక ఎవరున్నారో ఊరందరికీ తెలుసు.

అంతకంటే పెద్ద తేడా ఆ తర్వాత కనిపిస్తుంది. 1879లో వితంతు వివాహం శాస్త్ర సమ్మతమేనని ఉపన్యాసం ఇచ్చి ఊరంతటినీ రెచ్చగొట్టిన పంతులుగారు అక్కడితో ఆగలేదు. 1881 డిసెంబరు 11న తన ఇంట్లోనే మొదటి వితంతు వివాహం చేయించారు. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. విద్యార్థులు కాపలా నిలబడ్డారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసి వంట చేశారు. మాట అన్నందుకు ఖరీదు ఆ ఇంట్లో వాళ్లే కట్టారు. ఆయన గిల్లింది కూడా పరాయి వాళ్లను కాదు, తన కులం వాళ్లను, తన ఊరి వాళ్లను. అడిగిన ప్రశ్న ప్రతి ఇంట్లో ఒక మూలన గుండు చేయించుకుని కూర్చున్న ఆడపిల్ల రూపంలో కళ్ల ముందే ఉంది. కోపం వచ్చినవాడు కూడా ఇంటికి వెళ్లాక ఆ మూల వైపు చూడక తప్పేది కాదు.

మన కాలానికి వద్దాం. 2014 వినాయక చవితి నాడు దర్శకుడు రాంగోపాల్ వర్మ వినాయకుడి మీద వరుసగా ట్వీట్లు పెట్టారు. ఫిర్యాదులు వెళ్లాయి, కేసులయ్యాయి, ఆయన క్షమాపణ చెప్పారు. ఆ ట్వీట్ల వల్ల ఎవరు దేని గురించి ఆలోచించారో నాకు ఒక్కరూ తగల్లేదు. ఎవరిని అడిగినా గుర్తున్నది వర్మ పేరే.

2018లో సినీ విమర్శకుడు కత్తి మహేష్ సంగతి ఇంకొంచెం జటిలం. రాముడి గురించి టీవీ చర్చలో ఆయన అన్న మాటలు సోషల్ మీడియాలో అంటుకున్నాయి. జూలైలో హైదరాబాద్ పోలీసులు ఆయనను 6 నెలల పాటు నగర బహిష్కరణ చేశారు. రెండు రోజులకే ఎదుటి పక్షాన గొంతెత్తిన స్వామి పరిపూర్ణానందను కూడా అలాగే బహిష్కరించారు. మహేష్ 2021లో కన్నుమూశారు. ఆయన సొంత పేరుతో, సొంత ముఖంతో మాట్లాడారు, దెబ్బ కూడా తానే తిన్నారు. అది ఒప్పుకోవాలి. అయినా ఆ నెల రోజుల్లో మా క్యాంపులో ఎవరూ రామాయణం తెరిచి చూసింది లేదు. ఎవరిని జైల్లో వేయాలి అన్నదే చర్చ. ప్రశ్న మాయమై పక్షాలు మిగిలాయి. అంటే అన్నవాడు ధైర్యవంతుడైతే చాలదు, విన్నవాడు తన సొంత బతుకులో వెతికి చూసుకోగల ప్రశ్న అయి ఉండాలని నాకు అనిపిస్తుంది.

ఇక మనలాంటి వాళ్ల విషయం. హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి, బతాలో కూర్చున్నవాడికి ఒకే ఫోను, ఒకే యాప్. చట్టం మాత్రం ఒకటి కాదు. అక్కడ పోస్టుల మీద జైలుకు పంపే 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఇక్కడ 2007లో వచ్చిన సైబర్ నేరాల చట్టం 6వ అధికరణం ప్రకారం శాంతి భద్రతలకు, మత విలువలకు, సభ్యతకు భంగం కలిగించేది తయారు చేసినా, పంపినా, దాచి ఉంచినా 5 ఏళ్ల వరకు జైలు, 30 లక్షల రియాళ్ల వరకు జరిమానా, లేదా ఈ రెండింటిలో ఒకటి. పంపినా అన్న మాటను గమనించండి. నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశాను అంతే అనడానికి వీల్లేదు. నెలకు 1500 రియాళ్ల జీతగాడికి 30 లక్షలంటే 2000 నెలల సంపాదన, అంటే 166 ఏళ్లు.

తెలుగులో రాస్తే వీళ్లకేం తెలుస్తుందిలే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అనువాదం ఇప్పుడు ఒక్క మీట దూరం. అంతకంటే దగ్గరగా, గ్రూపులో మీ మీద కోపం ఉన్నవాడు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకునే దూరంలో ఉంటాడు. 2020 ఏప్రిల్‌లో కరోనా సమయాన యూఏఈలో కొందరు భారతీయులు ముస్లింలను కించపరుస్తూ పోస్టులు పెట్టి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అప్పటి మన రాయబారి పవన్ కపూర్ స్వయంగా హెచ్చరించాల్సి వచ్చింది. ఆ రాసినవాళ్లు కూడా ఇండియాలోని మనవాళ్ల కోసమే రాస్తున్నామనుకుని ఉంటారు.

గిల్లినవాడు ఒకడు, ఏడ్చినవాడు ఇంకొకడు అయిన సంఘటన ఇక్కడే దమ్మామ్‌లో జరిగింది. 2019 డిసెంబరులో కర్ణాటకకు చెందిన ఒక ఏసీ మెకానిక్‌ను అరెస్టు చేశారు. ఆయన పేరు, ఫోటోతో ఉన్న ఫేస్‌బుక్ ఖాతాలో మక్కాను, యువరాజును దూషిస్తూ పోస్టులు వచ్చాయి. ఆ ఖాతా ఆయనది కాదు. ఊళ్లో భార్య పోలీసుల చుట్టూ తిరిగి ఫిర్యాదు ఇస్తే, కర్ణాటకలోనే కూర్చుని ఇద్దరు అన్నదమ్ములు ఆ దొంగ ఖాతా తెరిచారని పోలీసుల దర్యాప్తులో తేలింది. ఆయన ఇల్లు చేరేసరికి 2021 ఆగస్టు అయింది. దాదాపు 20 నెలలు. ఆలోచింపజేయడం గురించి మాట్లాడే తమ్ముళ్లు ఆ 20 నెలలు ఆ ఇంట్లో ఏ ఆలోచనలు నడిచి ఉంటాయో కూడా లెక్కలో వేసుకోవాలి.

అలాగని నోరు మూసుకుని ఉండమని నా మాట కాదు. గిల్లుడు పని చేయడం కూడా నేను కళ్లారా చూశాను. మా జిల్లా గ్రూపులో నిజామాబాద్ వైపు అన్న ఒకాయన ఉన్నారు, షట్టరింగ్ కార్పెంటర్. పెద్దగా మాట్లాడరు. ఒకరోజు రాత్రి ఇలా పెట్టారు: "ఏజెంటుకు 30 వేల కంటె ఎక్కువ కట్టిన పిచ్చోళ్లందరు చెయ్యెత్తుండ్రి. ముందు నా చెయ్యి. లచ్చా 40 వేలు కట్టిన, మూడు రూపాల మిత్తికి తెచ్చి."

గ్రూపు భగ్గుమంది. పిచ్చోళ్లు అంటావా అని కొందరు, ఏజెంటు మా మేనమామ, ఊరికే మాట్లాడకు అని ఇంకొకరు. ఆయన ఎవరినీ తిరిగి తిట్టలేదు. మెల్లగా నిబంధన రాశారు: విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంటు తీసుకోవాల్సిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ, రసీదుతో సహా. తర్వాత తన లెక్క రాశారు: లక్షా 40 వేలకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 4,200. రియాల్‌కు 23 రూపాయల చొప్పున చూసినా 180 రియాళ్లు పైన, అసలు ముట్టకుండానే. అప్పటిదాకా కోపంతో ఊగిపోతున్న వాళ్లు ఒక్కొక్కరే తమ అంకె రాయడం మొదలుపెట్టారు. 90 వేలు. లక్షా 20. లక్షా 75. రసీదు ఉన్నవాడు ఒక్కడు. ఒకే ఊరి నుంచి, ఒకే కంపెనీకి, ఒకే నెలలో వచ్చిన ఇద్దరి మధ్య 50 వేలు తేడా! అదే ఏజెంటు, అదే వీసా. ఆ ఇద్దరూ ఒకే గదిలో మూడేళ్లుగా ఉంటున్నారు, ఒకరి అంకె ఇంకొకరికి తెలియదు. అంత సిగ్గు మనకు.

ఆయన అన్నదీ బూతు లాంటి మాటే కదా, అందరినీ పిచ్చోళ్లన్నాడు. కానీ మొదటి చెయ్యి తనదే ఎత్తాడు. ఏ దేవుడినీ, ఏ కులాన్నీ, ఏ రాజునూ తేలేదు. ప్రతివాడూ తన జేబులోనే జవాబు చూసుకోవాల్సి వచ్చింది. తర్వాత తెల్లారిందాకా కూర్చుని అడిగిన వాళ్లందరికీ ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటు నమోదై ఉన్నాడో లేడో ఎలా చూడాలో చెప్పాడు. పొద్దున నాలుగింటికి బస్సులో నిద్రపోయాడు.

ఆ రాత్రి తర్వాత ఊళ్లో తమ్ముళ్లు, బావమరుదులు పాస్‌పోర్టు పట్టుకుని తిరుగుతున్న ఇద్దరు ముగ్గురు ఇక్కడి నుంచి ఫోన్లు చేశారు. ఒకరి బావమరిది రసీదు అడిగితే ఏజెంటు పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాడట, ఆ వీసా పోయింది. ఇంట్లో ఇప్పటికీ దాని మీద గొడవే. ఇంకొకరి తమ్ముడు 35 వేలలోపే రసీదుతో వచ్చాడు. మూడో ఆయన తమ్ముడు మాత్రం చెప్పింది వినకుండా లక్షన్నర కట్టి వచ్చాడు. పోయిన నెల నుంచి మా పక్క గదిలోనే ఉంటున్నాడు. గ్రూపులో చేరాడు గానీ తన అంకె ఇంకా రాయలేదు.