తిత్తిలో నీళ్ళెన్ని?

1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బల్ల చుట్టూ కూర్చుండి ఆడే కథల ఆట. ఒకరు లోకమును వర్ణించి కథ నడుపుదురు. తక్కినవారు అందలి పాత్రలై తాము చేయు పని చెప్పుదురు. సందేహమును పాచికలు తీర్చును. మంత్రములున్నవని 1980లలో అక్కడి క్రైస్తవులనేకులు భయపడిరి.

1991లో దీనికి 'డార్క్ సన్' అను ఎడారి లోకము వచ్చినది. ఇనుము అరుదు, కత్తులు ఎముకవి, నాణెములు కాల్చిన మట్టివి. దురాశగల మంత్రగాళ్ళు పచ్చని చెట్ల ప్రాణమును పీల్చి నేలను బూడిద చేసిరి. లోకము ఎడారియైనది అందువలననే. కారణము లేని ఎడారి వట్టి ఇసుకే గదా!

కథ నడుపువారు నీళ్ళ లెక్క వ్రాయనిచో ఇదంతా వ్యర్థమని మేము తలంచుచున్నాము. తిత్తిలో నీళ్ళు రెండు దినములకే; ఊరు మూడు దినముల దూరము; దారిలో పరదేశి ఒకడు దప్పితో పడియున్నాడు. "ఏమి చేయుదురు?" అని అడిగి ఊరకుండవలెను, జవాబు అందించరాదు. మీ పిల్లలు ఈ ఆట ఆడుచున్నట్లయితే, వారేమి చేసిరో అడుగుడి. నీళ్ళిచ్చినచో, ఆ సాయంత్రమే లెక్కలో తగ్గించి వ్రాయవలసినదే.