కిడ్నీలు ఉన్నట్టుండి పని ఆపితే

కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి షుగరు, బి.పి. ఉన్నవారికే వస్తుందని చాలామంది అనుకుంటారు. కాని నిన్నటిదాకా పొలం పని చేసిన మనిషికి కూడా రెండు మూడు రోజుల్లోనే కిడ్నీలు పని ఆపేయవచ్చు. త్వరగా వైద్యం అందితే చాలామందికి ఇది నయమవుతుంది.

వాంతులు, విరేచనాలతో గాని, ఎండలో కోతల పనితో గాని ఒంట్లో నీరు పోతే కిడ్నీలకు రక్తం చాలదు. సరిగ్గా అప్పుడే ఒళ్లు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్ బిళ్లలు కొని మింగుతారు. అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. బిళ్లలు కాదు, ఓ.ఆర్.ఎస్. తాగించండి. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, చిటికెడు చిటికెడు కాదు.

మన వరిపొలాల్లో రక్తపింజరి భయం ఎప్పుడూ ఉన్నదే. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆసుపత్రిలో కాస్త రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే, వెంటనే విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. పసరు, మంత్రం అంటూ తిరిగిన గంటలే కిడ్నీలను తీసేస్తాయి. గట్టిగా తాడు కట్టవద్దు, కోయవద్దు, కరిచిన మనిషిని నడిపించవద్దు.

బురదలో పనిచేసేవారికి ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం కూడా ఉంది. పిక్కల నొప్పి, ఎర్రని కళ్లు, పచ్చకామెర్లు కనిపిస్తే పరీక్ష చేయించండి.

గమనించవలసింది మూత్రం. రోజంతా కలిపి పెద్దవారికి రెండు గ్లాసులైనా రాకపోయినా, టీ డికాక్షన్ రంగులో వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. ముఖం, పాదాల వాపు, ఆయాసం, మగత కూడా గుర్తులే. కొందరికి మూత్రం బాగానే వస్తూ లోపల కిడ్నీ చెడుతుంది. క్రియాటినిన్ రక్తపరీక్షతోనే అది తెలుస్తుంది.

ఇంకొక మాట. మూత్రం ఆగిపోయాక చలవ చేస్తుందని కొబ్బరినీళ్లు పట్టించకండి. అందులోని పొటాషియం బయటికి పోలేక గుండెనే ఆపవచ్చు.

డయాలసిస్ అనగానే జీవితాంతం చేయించాలేమోనని రోగిని ఇంటికి తీసుకుపోయే కుటుంబాలున్నాయి. మాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఉన్నట్టుండి వచ్చిన జబ్బులో కిడ్నీలు కోలుకునేదాకా కొన్ని రోజులో, వారాలో చేస్తే చాలామందికి సరిపోతుంది. కోలుకున్నా మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష తప్పదు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు రోగి మింగిన బిళ్లల అట్టలు, నాటు మందైతే దాని పొట్లం కూడా వెంట తీసుకురండి. మేమేమీ కోప్పడము.