తీగలు మోసే గోపురాలు

బ్రిటను పల్లెసీమల గుండా కారులో వెళ్ళే ప్రతి తెలుగు కుటుంబమూ ఎక్కడో ఒకచోట ఆగి ఫోటోలు తీసుకుంటుంది. పచ్చిక బయళ్ళు, గొర్రెల మందలు, రాతి గోడలు, దూరాన ఒక చర్చి శిఖరం. ఆ ఫోటోలో హైటెన్షన్ టవరు పడకుండా కెమెరాను కాస్త పక్కకు తిప్పటం కూడా మనకు అలవాటే. టవరు పడితే ఫోటో పాడయిందంటాము. ఆ మాట ఎంతవరకు సమంజసమన్నదే ఈ వ్యాసంలో చర్చింపదలచిన విషయం. నా వృత్తి రసాయన పరిశోధన. విద్యుత్ ఇంజనీరింగు కాదు. అయినా ఆ టవరులోని ఉక్కు, జింకు, అల్యూమినియం, పింగాణీ మా శాస్త్రానికి చెందినవే గనుక నాలుగు మాటలు చెప్పే హక్కు నాకూ ఉన్నదనుకుంటాను.

ఇక్కడ ఈ టవరును పైలాన్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు ద్వారమని అర్థం. ప్రాచీన ఈజిప్టు దేవాలయాల ముందుండే బ్రహ్మాండమైన ద్వారాలకు ఆ పేరు స్థిరపడింది. మన పత్రికలలో పైలాన్ అంటే స్మారక స్తంభం. నాగార్జునసాగర్ చూసినవారికి అక్కడి పైలాన్ కాలనీ గుర్తుండే ఉంటుంది. మూలార్థానికి చాలా దగ్గరగా ఉన్న తెలుగు మాట మాత్రం గోపురమే. గోపురం పేరు పెట్టుకున్న వస్తువును వికారమనటం ఏమంత న్యాయం?

1926లో ఒక చట్టం ద్వారా బ్రిటనులో కేంద్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. అంతకు ముందు వందలాది కంపెనీలు, పురపాలక సంఘాలు ఎవరి విద్యుత్తును వారే, ఎవరికి తోచిన వోల్టేజిలో వారు తయారు చేసుకునేవి. ఊరు మారితే పాత ఊళ్ళో కొన్న విద్యుత్ పరికరం కొత్త ఊళ్ళో పనికిరాకపోవచ్చు. ఆ గందరగోళాన్ని సరిదిద్దడానికి దేశమంతటా 132 కిలోవోల్టుల లైన్లు వేయ సంకల్పించారు. టవరు రూపం ఎంచుకోవటంలో సలహా చెప్పమని సర్ రెజినాల్డ్ బ్లామ్‌ఫీల్డ్ అనే వాస్తుశిల్పిని కోరారు. ఆయన ప్రాచీన సంప్రదాయానికి వీరాభిమాని, ఆధునిక శిల్పమంటే గిట్టనివాడు. అటువంటివాడు అమెరికాకు చెందిన మిలికన్ బ్రదర్స్ సంస్థ నమూనాకు ఓటు వేశాడు. 1928లో స్కాట్లండులో తొలి టవరు లేచింది. 1933 నాటికి సుమారు 4,000 మైళ్ళ పొడవున 26,000 పైచిలుకు టవర్లు నిలిచాయి. ససెక్స్ కొండల మీద వీటిని నిలపరాదని 1929లో ‘టైమ్స్’ పత్రికకు వెళ్ళిన లేఖ మీద కిప్లింగ్, కీన్స్ వంటి మహామహులు సంతకాలు చేశారు. ఆ లేఖ వ్రాసినవారి ఇళ్ళలో దీపాలు దేనితో వెలిగాయో అడగటం మర్యాద కాదు గనుక వదిలేద్దాము.

టవరును చదవటం నేర్చుకుంటే దాని వికారం చాలా మటుకు మాయమవుతుంది. ముందుగా చేతులు చూడండి. ఇక్కడి టవర్లలో అధిక భాగానికి పక్కకు మూడేసి చేతులు. మూడు చేతుల తీగలు కలిస్తే ఒక సర్క్యూటు. అంటే టవరుకు రెండు సర్క్యూట్లు, ఒకటి మరమ్మతులో ఉన్నా రెండవది పని చేస్తుంది. శిఖరాన ఒంటరిగా పోయే సన్నని తీగ మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తును మోయదు. పిడుగును తాను అందుకుని ఉక్కు శరీరం ద్వారా భూమిలోకి దించటం దాని పని. (ఇటీవలి కాలంలో దాని కడుపులో గాజు పోగులు పెట్టి మన సంభాషణలను కూడా పంపుతున్నారు.) ఇక తీగను చేతికి తగిలించిన పింగాణీ లేదా గాజు పళ్ళేల దండ చూడండి. 132 కిలోవోల్టుల లైనుకు దండలో సుమారు తొమ్మిదో పదో పళ్ళేలుంటాయి. 400 కిలోవోల్టులకు ఇరవై దాటుతాయి. దండ నిటారుగా వేలాడుతుంటే లైను తిన్నగా పోతున్నదన్నమాట. దండలు అడ్డంగా, తీగ లాగిన వైపుకు సాగి ఉంటే సాధారణంగా అక్కడ లైను మలుపు తిరుగుతున్నది. ఆ టవరు కాళ్ళు మరికొంత ఎడంగా, ఎముకలు మరికొంత లావుగా ఉంటాయి. టవరుకు కాస్త దూరంలో తీగ కింద చిన్న డంబెల్ వంటివి కనిపిస్తాయి. నిలకడైన గాలికి తీగ వీణ తీగలాగా అదురుతూ, ఏళ్ళ తరబడి అదిరి అదిరి అలసి తెగుతుంది. ఆ అదురును ఈ డంబెళ్ళు మింగివేస్తాయి. 1920లలో కాలిఫోర్నియాలో పని చేసిన స్టాక్‌బ్రిడ్జ్ అనే ఇంజనీరు కనిపెట్టిన సాధనమిది. ఇంతకూ చెప్పవచ్చినదేమంటే, ఈ కట్టడంలో అలంకారం కోసం పెట్టిన గీత ఒక్కటి కూడా లేదు.

తీగ రాగిది కాదు, అల్యూమినియం. అల్యూమినియానికి రాగితో పోలిస్తే నూటికి అరవై పాళ్ళ వాహకత్వమే ఉన్నా, తూకంలో రాగికి మూడింట ఒక వంతు కంటే తక్కువ. లెక్క వేస్తే, అంతే విద్యుత్తును మోయటానికి రాగి బరువులో సగం బరువు అల్యూమినియం చాలు. బలం లేదు గనుక మధ్యలో ఉక్కు తీగల వెన్నెముక పెట్టి చుట్టూ దీనిని పేనుతారు. నాకు మరీ ప్రియమైనది మాత్రం టవరు మీది జింకు పూత. మన పెద్దలు తుత్తునాగమనేవారు. కొత్త టవరు వెండిలా మెరుస్తుంది. ఏడాది రెండేళ్ళలో జింకు గాలిలోని ఆక్సిజనుతోను, తేమతోను, కార్బన్ డయాక్సైడుతోను కలిసి నీటిలో సులభంగా కరగని కార్బొనేటు పొర కట్టుకుంటుంది. ఆ పొర బూడిద రంగు సరిగ్గా ఇంగ్లండు మబ్బు రంగే! మసక పగళ్ళలో టవరు ఆకాశంలో సగం కలిసిపోయేది అందువల్లనే.

ఈ పొరకు శత్రువు బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడు. అది కార్బొనేటును కరిగిపోయే సల్ఫేటుగా మార్చి వానలో కడిగివేస్తుంది. అంటే తీగకు ఒక కొసనున్న పొగగొట్టం తన విద్యుత్తును మోసే టవరునే దశాబ్దాల తరబడి కొరుక్కు తిన్నదన్నమాట. ట్రెంట్ నది పొడవునా ఉన్న బొగ్గు కేంద్రాలు ఒక్కొక్కటే మూతపడి, దేశంలో చివరిదైన రాట్‌క్లిఫ్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగిపోయింది. గాలి శుభ్రపడిన కొద్దీ జింకు ఆయువు పెరిగింది.

అందం సరే, అంత ఎత్తున అంత వోల్టేజి ఎందుకని అడగవచ్చు. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే తీగలో అదే శక్తిని 11 కిలోవోల్టులకు బదులు 400 కిలోవోల్టుల వద్ద పంపితే కరెంటు 36 రెట్లు తగ్గుతుంది. నష్టం దాదాపు 1,300 రెట్లు తగ్గుతుంది. ఈ ఒక్క లెక్క మీదనే ప్రపంచంలోని లైన్లన్నీ నిలబడి ఉన్నాయి. దానివల్ల దూరం అడ్డు కాకుండా పోయి, ఒకరి మిగులు మరొకరి కొరతను తీర్చగలుగుతుంది. మన దక్షిణ భారతపు అనుభవమే ఇందుకు సాక్ష్యం. దక్షిణాది గ్రిడ్ చాలాకాలం వేరుగా నడిచింది. చంద్రపూర్–రామగుండం మార్గంలోను, విశాఖలోని గాజువాక వద్దను ఎ.సి.ని డి.సి.గా, మళ్ళీ ఎ.సి.గా మార్చి కొద్దికొద్దిగా విద్యుత్తును దాటించేవారు. 2012 జూలైలో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలినప్పుడు దక్షిణం చీకటి పాలు కాకపోవటానికి ఈ వేరుతనం తోడ్పడింది. కాని ఆ ఏడే ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించవలసి వచ్చింది. ఉత్తరాన మిగులు ఉన్నా తెచ్చుకునే దారి ఇరుకు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు మధ్య 765 కిలోవోల్టుల లైను కలవటంతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

తీగలను భూమిలో పాతిపెట్టవచ్చు కదా అనేవారున్నారు. కొన్నిచోట్ల పాతిపెడుతున్నారు కూడా. డార్సెట్‌లో ఒక సుందర ప్రాంతం నుంచి 2022లో 22 టవర్లు తొలగించారు. అయితే ఖర్చు నాలుగైదు రెట్లు. పైగా భూమిలోని కేబులు ఒక పెద్ద కెపాసిటరు వలె ప్రవర్తించి, దూరం పెరిగిన కొద్దీ తనను తాను నింపుకోవటానికే కరెంటు తింటుంది. కేబులు మీద లోతుగా వేళ్ళు పాతుకునే చెట్టు పెంచరాదు, ఇల్లు కట్టరాదు. కంటికి కనపడనిదంతా నేలకు హాని చేయనిది కాదు. మరొక మార్గంగా 2011లో జరిగిన పోటీలో గెలిచిన డెన్మార్కు నమూనాతో, 35 మీటర్ల ఎత్తున తెల్లని టి ఆకారపు టవర్లను సోమర్‌సెట్‌లో నిలిపారు. పొట్టివే, నున్ననివే. అయినా నా ఓటు పాత జాలీ టవరుకే. కొత్తదాని వెనుక ఆకాశం కనిపించదు.

అన్నట్టు, టవరు తన పొలంలో లేనివాడికి సౌందర్యాన్ని గురించి మాట్లాడటం తేలిక. ఇక్కడ భూమి యజమానికి ఏటా కొంత సొమ్ము ముడుతుంది. కొత్త టవర్లకు 500 మీటర్ల లోపున్న ఇళ్ళకు బిల్లులో ఏటా 250 పౌండ్ల వరకు తగ్గింపు ఇస్తామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మన దేశంలో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలతో, భూమిని సేకరించకుండానే టవరు పాతవచ్చు. పంట నష్టం ఇచ్చి చేతులు దులుపుకోవటం చాలాకాలం సాగింది. కాళ్ళ కింది భూమి విలువలో 85 శాతం ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలు చెప్పింది 2015లో మాత్రమే. నాలుగు కాళ్ళ మధ్య ట్రాక్టరు తిప్పలేక అవస్థపడే రైతుకు జింకు కార్బొనేటు అందం వినిపించే సాహసం నేను చేయను. ఆయనకు ముందు దక్కవలసింది సరైన ధర. సముద్రం మీది గాలిమరల విద్యుత్తును ఊళ్ళకు చేర్చటానికి నారిచ్ నుంచి టిల్బరీ దాకా సుమారు 180 కిలోమీటర్ల లైను వేస్తామంటే తూర్పు ఇంగ్లండులో లేచిన అభ్యంతరాలను కూడా ఈ దృష్టితోనే వినాలి. గాలిమర కావాలి, తీగ వద్దు అనే వాదనకు మాత్రం నా వద్ద సానుభూతి లేదు.

పిల్లలతో వేల్సు వైపు వెళ్ళేవారు పాత సెవర్న్ వంతెన మీదుగా వెళ్ళండి. ఆ పక్కనే నదిని దాటే లైను కనిపిస్తుంది. రెండు టవర్ల మధ్య దూరం 1,600 మీటర్లు పైమాటే. బ్రిటనులో ఇంత పొడవైన అంగ మరొకటి లేదు. తీగ మధ్యలో ఎంత లోతుగా వంగిందో చూడండి. ఎండ కాసిన రోజు అల్యూమినియం వ్యాకోచించి ఇంకాస్త కిందికి దిగుతుంది.