పండుగ ప్రయాణాలు, రవాణా సమ్మెలు: బందరు, గుడివాడ, దివిసీమ ప్రజల స్పందన

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో రాకపోకల ఏర్పాటు ఎలా ఉందో తెలిస్తే తప్ప, సమ్మె మాట వినగానే అక్కడి జనం ఊరికో తీరుగా ఎందుకు స్పందిస్తారో బోధపడదు. స్థానికుల వాడుకలో బందరుగా పిలిచే మచిలీపట్నం రైలు మార్గానికి చివరి స్టేషను. గుడివాడ జంక్షను, విజయవాడ నుంచి వచ్చే లైను అక్కడ బందరు వైపు ఒకటి, భీమవరం వైపు మరొకటిగా చీలుతుంది. దివిసీమకు రైలే లేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై సముద్రాన్ని చేరేలోగా ఆ పాయల నడుమ మిగిలిన నేలే దివిసీమ కాబట్టి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వాసులు బయటి ఊరికి వెళ్లాలంటే ఆర్టీసీ బస్సు ఎక్కాలి, లేకపోతే 2006లో ప్రారంభమైన పెనుమూడి–పులిగడ్డ వారధి దాటి గుంటూరు వైపున్న రేపల్లెలో రైలు పట్టుకోవాలి. అందువల్ల రైళ్లు ఆగినప్పుడు బందరు, గుడివాడ బస్సు వైపు చూడగలుగుతాయి గాని, బస్సులు ఆగినప్పుడు దివిసీమకు, ఎలాగో రేపల్లె చేరితే తప్ప, చూడడానికి మరో దిక్కు ఉండదు.

స్వతంత్ర భారతంలో అతి పెద్ద రైల్వే సమ్మె 1974 మే 8న మొదలై ఇరవై రోజుల పాటు సాగింది. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వం వహించిన ఈ సమ్మెకు ఎనిమిది గంటల పనిదినం, ధరలతో పాటు పెరిగే కరువు భత్యం, బోనస్, క్యాజువల్ కార్మికుల పర్మినెంటు వంటివి ప్రధాన కోర్కెలు. రైలు ఇంజను నడిపేవారు ఏకబిగిన పద్నాలుగు గంటలు, అంతకు మించి కూడా డ్యూటీలో ఉండవలసి వచ్చిన రోజులవి. ప్రభుత్వం నాయకులను ముందే అరెస్టు చేసింది, వేలాది మందిని జైళ్లకు పంపింది, క్వార్టర్ల నుంచి కుటుంబాలను ఖాళీ చేయించింది. వేసవి సెలవులు, పెళ్లి ముహూర్తాలు ఒకేసారి వచ్చే మే నెలలో జరిగినందువల్ల ఈ సమ్మె దేశమంతటా సామాన్య ప్రయాణికుల మీదే నేరుగా పడింది. కృష్ణా జిల్లాలో కార్మిక, కమ్యూనిస్టు ఉద్యమాలకు గట్టి పునాది ఉండడం వల్ల సమ్మె అనేది ఇక్కడి పల్లెలకు కొత్త మాట కాదు. పైగా అంతకు ఏడాదిన్నర ముందే, 1972 చివర్లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ సాగిన జై ఆంధ్ర ఉద్యమంలో ఎన్జీవోల, అంటే నాన్ గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగుల, సమ్మెనూ రైళ్ల స్తంభననూ, 1973 సంక్రాంతితో సహా, ఈ ప్రాంతం చూసి ఉన్నది. 1974 రైల్వే సమ్మె ఫలితం దక్కకుండానే ముగిసినా, ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్ 1979లో రైల్వే కార్మికులకు అందింది.

ఇటీవలి కాలంలో దిగువ కృష్ణా ప్రజలను అన్నిటికంటే లోతుగా తాకినది 2013 నాటి సమైక్యాంధ్ర సమ్మె. రాష్ట్ర విభజనకు జులై 30న కాంగ్రెస్ కార్యవర్గం అంగీకరించిన తరువాత, ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి సీమాంధ్రలో ఎన్జీవోలతో పాటు ఆర్టీసీ కార్మికులు కూడా సమ్మెకు దిగగా, బందరు, గుడివాడ, అవనిగడ్డ డిపోల బస్సులు గేటు దాటలేదు. ఆ ఆగస్టు 21న అవనిగడ్డ శాసనసభ స్థానానికి ఉప ఎన్నిక జరగవలసి ఉండడంతో దివిసీమ ఓటర్లు బస్సులు లేని రోజుల్లోనే పోలింగు కేంద్రాలకు వెళ్లారు. నాగాయలంక నుంచి అవనిగడ్డకు ఒక ఆటో, అక్కడి నుంచి చల్లపల్లికి మరొకటి, ఆ పైన బందరుకో ఉయ్యూరుకో ఇంకొకటి మారుతూ, సామాను చంకన పెట్టుకుని, మనిషి మీద మనిషిగా కూర్చుని వెళ్లడం తప్ప వేరు దారి లేని ప్రయాణం అది. బస్సు పాసు మీద కాలేజీకి వెళ్లే పిల్లలకు ప్రతి మజిలీలోనూ చేతి నుంచి డబ్బు వదిలింది.

అయినా ఆ రెండు నెలల కాలంలో ప్రయాణికుల కోపం ప్రధానంగా కార్మికుల మీదికి మళ్లలేదు. సమ్మె జీతం కోసం చేసినది కాదనీ, తమ ఆందోళనలో అదీ ఒక భాగమనీ జనం భావించారు. వీధుల్లో వంటావార్పు పెట్టినవారూ, బస్సు దొరక్క ఇబ్బంది పడినవారూ చాలా చోట్ల ఒకే కుటుంబాలవారు. కష్టం ఒకటే అయినా దానికి కారణం తమదని అనుకున్నప్పుడు ఓర్పు వేరుగా ఉంటుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈ ప్రాంత చరిత్రలో కనిపించదు. అయితే ఆ ఓర్పు భారాన్ని అందరూ సమంగా మోయలేదన్నది కూడా నిజం: కారు ఉన్న ఇంటికి ఉద్యమం, రోజుకూలికి పస్తు. అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం తెలంగాణ ఏర్పాటును ఆమోదించాక విద్యుత్ ఉద్యోగులు కూడా సమ్మెకు దిగగా, విద్యుదీకరణ జరిగిన ప్రధాన మార్గాల్లో రైళ్లు నిలిచి, డీజిల్ ఇంజన్లతో కొన్నింటిని లాగవలసి వచ్చింది. గుడివాడ–బందరు లైను అప్పటికి ఇంకా డీజిల్ మీదే నడుస్తున్నా, విజయవాడ దాటాక ప్రయాణం ఎక్కడ ఆగుతుందో చెప్పగలవారు లేరు. దసరా ముంగిట ఫైలిన్ తుపాను హెచ్చరిక రావడంతో విద్యుత్ సమ్మెనూ, ఆ వెంటనే ఆర్టీసీ సమ్మెనూ విరమించారు. పండుగకు ఒకటి రెండు రోజుల ముందు బస్సులు రోడ్డెక్కాయి.

2019 దసరా నాటి తెలంగాణ ఆర్టీసీ సమ్మె దీనికి పూర్తిగా భిన్నమైనది. హైదరాబాదులో స్థిరపడిన బందరు, గుడివాడ, దివిసీమ కుటుంబాలకు పండుగ అంటే సొంతూరి ప్రయాణమే కాబట్టి, పొరుగు రాష్ట్రపు సమ్మె కూడా డెల్టా ఇళ్లకు తాకింది. ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న ప్రధాన కోర్కెతో సుమారు 48 వేల మంది అక్టోబరు 5 నుంచి విధులకు రాలేదు. దసరా ఆ నెల 8న. సమ్మె మొదలైన 5వ తేదీ సాయంత్రానికి విధుల్లో చేరనివారు ఇక ఉద్యోగులు కారని ప్రభుత్వం ప్రకటించింది. ట్రావెల్స్ బస్సుల టికెట్లు ఆకాశాన్నంటగా, తొలి రోజుల్లో ప్రయాణికుల విసుగు సమ్మె చేసినవారి మీదే వెళ్లింది. బడుల సెలవులు 19వ తేదీ దాకా పొడిగించడం, జీతాలు అందక కార్మిక కుటుంబాలు విలవిలలాడడం, కొందరు ప్రాణాలు తీసుకోవడం చూసిన తరువాత ఆ విసుగు క్రమంగా సానుభూతిగా మారింది. నవంబరు 25న, 52 రోజులకు సమ్మె విరమించారు. అదే కాలంలో విలీన నిర్ణయం తీసుకున్న ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణ కార్మికులు తమ వాదనకు ఉదాహరణగా చూపినది ఈ నిర్ణయాన్నే.

కార్మికులు పండుగనే ఎందుకు ఎంచుకుంటారన్న ప్రశ్న ప్రతిసారీ వినిపిస్తుంది. జనం ఇళ్లకు చేరే ఆ వారంలోనే డ్రైవరు, కండక్టరు డబుల్ డ్యూటీలు చేస్తూ తమ ఇంటి పండుగను వదులుకుంటారనీ, తమ పని విలువ అందరికీ తెలిసివచ్చే సమయం కూడా అదేననీ గుర్తిస్తే ఈ ప్రశ్నలోని వాడి కొంత తగ్గుతుంది. ప్రయాణికుడి వేదనకు అసలు మూలం బస్సు ఆగడం కన్నా, ఆగుతుందో లేదో చివరి రాత్రి దాకా తెలియకపోవడంలో ఉంది. ఆ సమ్మెల నాటికి అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, రవాణా వంటి ప్రజోపయోగ సేవల్లో నోటీసు ఇచ్చిన 14 రోజుల లోపు సమ్మెకు దిగకూడదన్నది నిబంధన. ఆ గడువులో కార్మిక శాఖ అధికారి ఇరుపక్షాలను కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించవలసి ఉండేది, దానినే కన్సిలియేషన్ అంటారు. నోటీసు యాజమాన్యానికి అందుతుంది, అధికారికి అందుతుంది. నాగాయలంక బస్టాండులో టికెట్టు కోసం నిలబడినవారికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు.

ప్రయాణికులకు ముందే చెప్పే పద్ధతి వేరే చోట్ల ఉంది. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు 2022 డిసెంబరు 24 సాయంత్రం ఆరు గంటలకు మొదలైన రైలు సమ్మెను చూసి ఉంటారు. క్రిస్మస్ ప్రయాణాలు దెబ్బతిన్నా, తేదీలు ముందే వెల్లడైనందువల్ల చాలామంది ప్రయాణాన్ని ముందుకు జరుపుకోగలిగారు. ఫ్రాన్సులో 2007 నాటి చట్టం ఇంకో అడుగు వేసి, సమ్మెలో పాల్గొనే రవాణా ఉద్యోగి 48 గంటల ముందే ఆ మాట తెలపాలని నిర్దేశించడంతో, ఏ రైళ్లు నడుస్తాయో ముందు రోజే ప్రకటించే వీలు కలిగింది. సమ్మె హక్కుకు ఇది కొంత పరిమితి అని అక్కడి కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పిన మాట నిజమే గాని, ప్రయాణికుడిని కూడా ఒక పక్షంగా లెక్కించిన చట్టం ఇది. ఇక్కడ మాత్రం చివరి దాకా అనిశ్చితే: ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఫిబ్రవరిలో పీఆర్సీ, అంటే వేతన సవరణ వివాదం మీద ప్రకటించిన ఉద్యోగుల సమ్మెను, మొదలుకావడానికి ఒక రోజు ముందు చర్చల తరువాత విరమించారు. సమ్మె కాలంలో కనీసం దివిసీమ వంటి రైలు లేని ప్రాంతాలకు ఏయే సర్వీసులు నడుస్తాయో, ఏవి నడవవో రెండు రోజుల ముందుగా ప్రతి బస్టాండులో బోర్డు మీద రాయడానికి కొత్త చట్టం అక్కరలేదు. యాజమాన్యమూ సంఘాలూ ఒక్కమాట మీదికి వస్తే ఒక డిపో మేనేజరు సంతకం చాలు.