సంతకం విలువ ఒకటో తారీఖున తెలుస్తుంది

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1-1 దగ్గర ఆగితే, పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. 2025 అక్టోబర్‌లో అదే క్లబ్ పేరు మార్చుకుని, ఊరు మార్చుకుని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. మధ్యలో గడిచింది మూడున్నరేళ్ళే. ఆ డిసెంబర్‌లోనే మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే జనం ఎగబడి చూశారు. స్టేడియం ఉంది, జనం ఉన్నారు, ఐఎస్ఎల్‌లో ఆడే జట్టు మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు.

తెనాలి నుంచి గచ్చిబౌలికి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. అయినా ఐఎస్ఎల్‌లో మనం "మనది" అనుకోవడానికి ఉన్న ఏకైక క్లబ్ అదే. అందుకే ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు: కప్పు గెలిచిన జట్టు ఇంత తొందరగా ఎలా చెదిరిపోయింది? కోచ్ వెళ్ళిపోయాడని కొందరంటారు, ఆటగాళ్ళు డబ్బుకి ఆశపడ్డారని కొందరంటారు. నా లెక్క ప్రకారం ఆ జట్టు మైదానంలో ఓడిపోకముందే జీతాల రోజున ఓడిపోయింది. అది అర్థం కావాలంటే ఫుట్‌బాల్‌లో ఒప్పందం ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

ఆఫర్ లెటర్‌కీ ఆటగాడి ఒప్పందానికీ తేడా

మనకి క్యాంపస్ సెలక్షన్లలో ఆఫర్ లెటర్ వస్తుంది. జీతం, బాండ్, నోటీస్ పీరియడ్ అన్నీ అందులో ఉంటాయి. నచ్చకపోతే నోటీస్ ఇచ్చి ఇంకో కంపెనీకి పోవచ్చు. ఫుట్‌బాలర్‌కి ఆ వెసులుబాటు లేదు. మూడేళ్ళకి సంతకం పెడితే మూడేళ్ళూ ఆ క్లబ్ మనిషే. మధ్యలో ఇంకో క్లబ్ అతన్ని కావాలంటే, ఇతని క్లబ్‌ని ఒప్పించి డబ్బు కట్టాలి. అదే ట్రాన్స్‌ఫర్ ఫీజు. అదీ ఎప్పుడంటే అప్పుడు కుదరదు. ట్రాన్స్‌ఫర్ విండో తెరిచి ఉన్నప్పుడే కొత్త క్లబ్ అతని పేరు నమోదు చేసుకోగలదు.

గడువు ముగిశాక మాత్రం ఆటగాడు పూర్తిగా స్వతంత్రుడు. జీన్ మార్క్ బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు కోర్టుకెక్కితే, 1995లో యూరోపియన్ న్యాయస్థానం తేల్చిన సంగతి ఇది. ఒప్పందం ముగిసినవాడు యూరప్‌లో ఇంకో దేశానికి వెళ్తుంటే పాత క్లబ్ డబ్బు అడగడానికి వీల్లేదంది. ఆ తర్వాత ప్రపంచమంతా దాదాపు అదే పద్ధతికి వచ్చింది. ఫిఫా నియమాల ప్రకారం ఒప్పందంలో చివరి ఆరు నెలలు మిగిలినప్పుడే ఆటగాడు వేరే క్లబ్‌తో ముందస్తు సంతకం కూడా పెట్టుకోవచ్చు. ఒప్పందం మామూలుగా ఐదేళ్ళు దాటకూడదు, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకైతే మూడేళ్ళు.

దీన్నిబట్టి మేనేజ్‌మెంట్ ముందున్న అసలు లెక్క ఏమిటో తెలుస్తుంది. ఆటగాడి మార్కెట్ విలువ అతని ఆటలో సగం ఉంటే, ఒప్పందంలో మిగిలిన నెలల్లో మిగతా సగం ఉంటుంది. మన నిమ్మకాయల యార్డులో సరుకు లాంటిదే. కాయ ఎంత బాగున్నా సాయంత్రానికి ధర పొద్దున్నలా ఉండదు. అమ్మేవాడికి ఇవాళ డబ్బు అవసరమని తెలిసిపోయిందా, ఇక పాట పాడేవాడిదే రాజ్యం.

ఇంకో నియమం కూడా గుర్తుపెట్టుకోవాలి. 2021-22 నుంచి ఐఎస్ఎల్‌లో మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకి మించి ఉండకూడదు. అంటే పదకొండు మందిలో ఏడుగురు మనవాళ్ళే కావాలి. డబ్బు పెడితే విదేశాల నుంచి స్ట్రైకర్ దొరుకుతాడు. మంచి భారతీయ లెఫ్ట్ బ్యాక్ అంత సులువుగా దొరకడు. కాబట్టి ఐఎస్ఎల్‌లో జట్టు కట్టడమంటే ముందు ఆ ఏడుగురిని కట్టుకోవడమే.

హైదరాబాద్ ఎలా కట్టింది

2019లో పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ వచ్చింది. మొదటి సీజన్ ఘోరం. రెండు గెలుపులు, పది పాయింట్లు, పట్టికలో అట్టడుగు స్థానం. రెండో ఏడాదికి ఆల్బర్ట్ రోకా కోచ్‌గా రావాల్సింది, ఆయన బార్సిలోనా సిబ్బందిలో చేరిపోయాడు. ఆయన బదులు మనోలో మార్కెజ్ వచ్చాడు.

నాకు బాగా నచ్చిన నిర్ణయాలన్నీ ఆ సమయంలోవే. పెద్ద పేర్ల వెంట పడకుండా కుర్రాళ్ళని తీసుకున్నారు, ఉన్న కుర్రాళ్ళని ఆడించారు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహ్మద్ యాసిర్, నిఖిల్ పూజారి అలా వెలుగులోకొచ్చారు. 2020-21లో జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. 2021లో లిస్టన్‌ని ఏటీకే మోహన్ బగాన్‌కి అమ్మారు. ధర కోటి రూపాయల దాకా పలికిందని అప్పట్లో పత్రికలు రాశాయి. "ఉన్న ఒక్క మెరుపునీ అమ్మేశారు" అని చాలామంది తిట్టుకున్నారు. నేను మాత్రం ఆ నిర్ణయాన్ని సమర్థిస్తాను. ధర ఉన్నప్పుడు ఒకణ్ణి అమ్మి, ఆ స్థానంలో ఇంకొకణ్ణి తయారు చేసుకోవడమే చిన్న క్లబ్‌కి బతుకుతెరువు.

అదే వేసవిలో ముప్పై ఆరేళ్ళ బార్తొలొమ్యూ ఒగ్బెచేని తీసుకున్నారు. వయసు చూసి నవ్వినవాళ్ళకి అతను 18 గోల్స్‌తో జవాబిచ్చాడు. గోల్డెన్ బూట్ అతనిదే, సీజన్ చివర కప్పూ మనదే. కుర్రాళ్ళ మీద ఏళ్ళ తరబడి పెట్టుబడి పెట్టాలి, పెద్దవాడిని ఇవాళ్టి గోల్స్ కోసం తీసుకోవాలి. జట్టులో ఈ రెండు రకాల లెక్కలూ పక్కపక్కనే ఉండాలి. 2022-23లో కూడా లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానం వచ్చింది. సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఓడారు.

తెనాలి వాళ్ళకి ఈ సంగతి నాటకాల ద్వారా తేలిగ్గా చెప్పొచ్చు. ఒకప్పుడు మన ఊళ్ళో రామవిలాస సభ లాంటి సమాజాలుండేవి. స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య లాంటివాళ్ళు ఒకే సమాజంలో కలిసి సాధన చేసి, కలిసి వేషం కట్టేవారు. తర్వాత కాంట్రాక్టు నాటకాలొచ్చాయి. కాంట్రాక్టరు తలో ఊరి నుంచీ పేరున్న నటుల్ని పిలిపించేవాడు, రిహార్సల్ లేకుండానే రాత్రికి నాటకం. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా వచ్చి పద్యాలు పాడి వెళ్ళేవారు. పద్యానికి వన్స్‌మోర్‌లు పడేవి కానీ నాటకం నిలిచేది కాదని పెద్దవాళ్ళు అంటుంటారు. మార్కెజ్ కాలపు హైదరాబాద్ సమాజం పద్ధతిలో నడిచింది. ఐఎస్ఎల్‌లో చాలా జట్లు ఇప్పటికీ కాంట్రాక్టు నాటకం పద్ధతిలోనే ఉన్నాయి.

అయితే ఎంత గొప్ప సమాజమైనా నటుడికి ఇవ్వాల్సింది ఇవ్వకపోతే తెర లేవదు.

జీతం ఆగితే ఏమవుతుంది

2023లో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకి వెళ్ళాడు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, హాలిచరణ్ నర్జారీ బెంగళూరుకి వెళ్ళారు. ఒగ్బెచే కూడా లేడు. ఇంతవరకూ ఏ క్లబ్‌లోనైనా జరిగేదే. అసలు దెబ్బ జీతాల బకాయిలతో మొదలైంది.

ఇక్కడ ఫిఫా నియమం ఒకటి తెలుసుకోవాలి. క్లబ్ కనీసం రెండు నెలల జీతం గడువుకి చెల్లించకపోతే ఆటగాడు రాతపూర్వకంగా నోటీస్ ఇవ్వొచ్చు. పదిహేను రోజుల గడువిచ్చినా డబ్బు రాకపోతే, న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకుని వెళ్ళిపోవచ్చు. ఇందాక చెప్పుకున్న ట్రాన్స్‌ఫర్ ఫీజు అనే గోడ ఆ రోజుతో కూలిపోతుంది. కోట్లు పలికే ఆటగాడు క్లబ్‌కి రూపాయి మిగల్చకుండా బయటికి నడుస్తాడు. పైగా బకాయి అలాగే ఉంటుంది. ఫిఫా దాకా వెళ్ళి తీర్పొచ్చాక కూడా కట్టకపోతే ట్రాన్స్‌ఫర్ నిషేధం పడుతుంది. అంటే కొత్తవాళ్ళని నమోదు చేసుకునే వీలుండదు. ఉన్నవాళ్ళు పోతారు, కొత్తవాళ్ళు రారు. గిన్నెకి అడుగున చిల్లి పడ్డప్పుడే పైన నీళ్ళు పోసే దారి కూడా మూసుకుపోవడమన్నమాట.

హైదరాబాద్‌కి సరిగ్గా ఇదే జరిగింది. నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. 2024 జనవరి విండోలో చింగ్లెన్‌సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకి, యాసిర్ గోవాకి వెళ్ళారు. మిగిలిన కుర్రాళ్ళతో కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో సీజన్ లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. రెండేళ్ళ క్రితం చాంపియన్లు వీళ్ళే. 2024 సెప్టెంబర్‌లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. ఏడాది తిరక్కుండానో తిరిగాకో అన్నట్టు, ఆ మరుసటి అక్టోబర్‌కి క్లబ్ ఢిల్లీ చేరింది.

వెళ్ళిపోయిన ఆటగాళ్ళని ద్రోహులన్నవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఫుట్‌బాలర్ సంపాదించే కాలం పదీ పన్నెండేళ్ళు. మోకాలు ఒక్కసారి తిరగబడితే అదీ లేదు. ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు, అమ్మ మందులు జెర్సీ మీద ప్రేమతో తీరవు. మనలో ఎవరికైనా మూడు నెలలు జీతం ఆగితే కంపెనీ లోగో చూసి కూర్చుంటామా? ఆ ఏడాది జట్టుని వీడినవాళ్ళు ఒప్పందాన్ని ఉల్లంఘించలేదు. ఉల్లంఘించిన ఒప్పందం నుంచి బయటికొచ్చారు.

నేనైతే ఏం చేసేవాణ్ణి

2023 వేసవిలోనే ఖజానా చూసుకుని, ఇంకా ధర పలుకుతున్న ఇద్దరు ముగ్గుర్ని పద్ధతిగా అమ్మేవాణ్ణి. అభిమానులు తిట్టేవాళ్ళు, ఫర్వాలేదు. ఆ డబ్బుతో మిగతా అందరికీ ఏడాది జీతాలు ముందే పక్కన పెట్టేవాణ్ణి. ఆరుగురు విదేశీయుల బదులు ఇద్దరితో సరిపెట్టేవాణ్ణి. అప్పుడు జట్టు ఆరో స్థానంలోనో తొమ్మిదో స్థానంలోనో ఉండేదేమో కానీ ఉండేది. జనవరిలో బజారు మొత్తానికీ ఇబ్బంది తెలిశాక బేరమాడే శక్తి ఏ క్లబ్‌కీ ఉండదు.

ఇంకో మాట. ఆ చాంపియన్ జట్టు ప్రధాన ఆటగాళ్ళలో మన తెలుగు కుర్రాళ్ళు కనబడరు. ఈ నేలకి ఆట చేతకాక కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం శిక్షణలో భారత్ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ రోజుల్లో ఆటగాడి ఒప్పందమంటే పోలీసు శాఖలో ఉద్యోగం. డబ్బు తక్కువే, కానీ ఒకటో తారీఖున చేతికొచ్చేది, ఆట ఆగిపోయాక కూడా వచ్చేది. కలకత్తా క్లబ్బుల ఆకర్షణ అప్పుడూ ఉంది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. అయినా ఇక్కడ జట్టు కూలిపోలేదు. 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు రెండూ హైదరాబాదే గెలిచింది. ఒకడు పోతే ఇంకొకడు తయారుగా ఉండేవాడు.

ఇప్పుడు ఆ తయారీ అనంతపురంలో కొంత కనిపిస్తోంది. అక్కడ ఆర్డీటీ క్రీడా గ్రామంలో స్పెయిన్ లా లిగా భాగస్వామ్యంతో పల్లెటూరి పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పారు. ఫిఫా నియమాల్లో ఇలాంటి చోట్లకి పనికొచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఒప్పందం మధ్యలో ఆటగాడు ఒక దేశం నుంచి మరో దేశం క్లబ్‌కి ఫీజు మీద వెళ్తే, ఆ ఫీజులో 5 శాతాన్ని అతనికి 12 నుంచి 23 ఏళ్ళ మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకి పంచాలి. కోటి ఫీజైతే ఐదు లక్షలు. గుర్తింపున్న చిన్న క్లబ్‌కి అది ఒక సీజన్ ఖర్చు. అందుకోవాలంటే రిజిస్ట్రేషన్ కాగితాలు సక్రమంగా ఉండాలి. మన దగ్గర మైదానాల కంటే ముందు లేనిది ఆ కాగితాలే.

రేపు మన రెండు రాష్ట్రాల్లో ఎవరైనా మళ్ళీ ఐఎస్ఎల్ క్లబ్ పెడితే, జెర్సీ రంగు ఏమిటి, విదేశాల నుంచి ఎవరొస్తున్నారు అని నేను మొదట అడగను. ఏడాది జీతాలు బ్యాంకులో ఉన్నాయా, పదహారేళ్ళ తెలుగు కుర్రాళ్ళు ఎంతమంది రిజిస్టర్ అయ్యారు, ఈ రెండే అడుగుతాను. రెండింటికీ జవాబు బాగుంటే తెనాలి నుంచి రాత్రి బండెక్కి మ్యాచ్‌కి వెళ్ళడానికి నేను రెడీ. టికెట్ డబ్బులు నావే.